చెట్టు పూయాలి

పసిడికోట దూరం నుంచి చూడవలసిన నగరం. దూరం నుంచి చూసేవారికి కోట బురుజులు ఉదయపుటెండలో కరిగించి పోతపోసిన బంగారంలా ధగధగలాడతాయి. గోపురాల మీది కలశాలు ఆకాశానికి హారతి పడతాయి. రాజవీధికి ఇరువైపులా ముత్యాల తోరణాలు, పగడపు స్తంభాలు, వైడూర్యాలు పొదిగిన వాకిళ్లు కళ్లకు మిరుమిట్లు గొలుపుతాయి. దగ్గరికి వెళ్లి గోటితో గీకి చూస్తే బురుజుల మీది బంగారం గోట్లోకి వస్తుంది. కలశాలు రాగివి, ముత్యాలు సున్నపు ఉండలు, పగడాలు లక్క. పసిడికోటలో పసిడి పూతే తప్ప పసిడి లేదన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినట్టు కనబడటం మాత్రం అక్కడ మర్యాద కాదు.

వసంతోత్సవం నాటి ఉదయం ఆ నగరపు తూర్పు ద్వారం దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. తలకు రంగు మరకల పాగా, చెవి సందున కుంచె, నడుముకు వేలాడే రంగుల కొబ్బరి చిప్పలు చూస్తే ఎవరో దేశదిమ్మరి చిత్రకారుడని ఎవరైనా అనుకుంటారు. అతడు నిజానికి రత్నకూట దేశపు యువరాజు అరిందముడు. కత్తి పడితే పదిమందికి సమాధానం చెప్పగలడు, పొగరుబోతు గుర్రాన్ని కళ్లెం లేకుండా లొంగదీయగలడు. కుంచె మాత్రం జన్మలో ఒక్కసారే పట్టాడు. గురుకులంలో అతడు వేసిన ఏనుగు బొమ్మను గురువుగారు చాలాసేపు పరిశీలించి, "గాదె బాగానే ఉంది నాయనా, ధాన్యం ఎటునుంచి పోస్తారు?" అని అడిగారు. ఆనాటితో ఆ విద్యకు స్వస్తి చెప్పాడు. చిత్రకారుణ్ని ఎవరూ అనుమానించరనీ, పిలిచి పని చెప్పేవారు అసలే ఉండరనీ దారిలో ఎవరో చెప్పగా నమ్మి ఈ వేషం కట్టాడు.

"అన్నయ్యా, నీ పాగా చెమట కంపు కొడుతోంది. కాస్త గాలి తగిలే వైపు నడువు" అంది పాగా మడతలోంచి ఒక సన్నని గొంతు.

ఆ గొంతు ఒక తేనెపిట్టది. బొటనవేలంత ఉన్న ఆ పిట్ట అరిందముడి చెల్లెలు, రాకుమారి మధూలిక. మాంత్రికుడు ధూమకేశుడు తనను పెళ్లాడమంటూ పొగలాంటి జడలు విరబోసుకుని నిండు సభలో నిలబడితే, పాపం ఆ పిల్లకు నవ్వాగలేదు. ఆ నవ్వుకు మాంత్రికుడు వేసిన శిక్ష ఇది. పసిడికోట రాజోద్యానంలో రాజకాంచనమనే మహావృక్షం ఉన్నదనీ, వసంతోత్సవం నాడు సూర్యాస్తమయం లోపల ఆ చెట్టు పువ్వులోని తేనె తాగితే మధూలిక మళ్లీ మనిషవుతుందనీ, ఆ గడువు దాటితే పిట్టగానే మిగిలిపోతుందనీ అడవిలో ఒక ముని చెప్పాడు. గడువు దగ్గరపడే కొద్దీ ఆమె నోట మనుషుల మాటలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. నిన్న అద్దం అన్న మాట పోయింది. ఈ ఉదయం పల్లకీ పోయింది. "మనిషినయ్యాక నన్ను ఆ నలుగురు మోసేదాంట్లో తీసుకెళ్లన్నయ్యా" అని ఆమె ముద్దుగా అడిగితే అరిందముడు నడక వేగం పెంచాడు.

"ఎవడివయ్యా నువ్వు? ఏం పని?" అని అడ్డుపడ్డాడు ద్వారం దగ్గరి భటుడు.

"చిత్రకారుణ్ని."

ఆ మాట వినగానే భటుడి ముఖం చేటంత అయింది. "ఒరేయ్, ఇంకొకడు దొరికాడ్రా" అని లోపలికి కేకవేశాడు. అరిందముడు నోరు తెరిచేలోగా ఇద్దరు భటులు చెరో రెక్కా పుచ్చుకుని అతణ్ని రాజోద్యానంలోకి ఈడ్చుకుపోయారు. ఏ తోటలోకి ఎలా చొరబడాలా అని దారి పొడుగునా ఉపాయాలు పన్నుకుంటూ వచ్చాడో, ఆ తోటలోకే రాజభటులు దగ్గరుండి తీసుకుపోతుంటే అతడికి నవ్వొచ్చింది. రాజకాంచనాన్ని చూశాక ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది.

అది చెట్టు కాదు, ఒక కొండ. పదిమంది చేతులు కలిపినా అందని మాను, ఏనుగు తొండాల వంటి కొమ్మలు, మేఘాలను దువ్వే చిటారు రెమ్మలు. మామూలుగా ఈపాటికి ఆకన్నది కనబడకుండా గులాబి రంగు పువ్వులతో విరగబూసి, తుమ్మెదల ఝంకారంతో తోటంతా మోగిపోవాలి. ఇప్పుడు దానికి ఆకూ లేదు, పువ్వూ లేదు. నిలువెల్లా మసిబారి ఉంది. ఉన్నదల్లా కొమ్మకొక చిత్రకారుడు. నిచ్చెనలు, మంచెలు, ఉట్లు కట్టుకుని దేశంలోని కుంచె పట్టేవాళ్లంతా ఆ చెట్టెక్కి, బోడి కొమ్మల మీద రంగుతో పువ్వులు వేస్తున్నారు.

చెట్టు మొదట్లో పట్టుగొడుగు కింద మహామంత్రి వాచస్పతి నిలబడి ఉన్నాడు. పొట్ట మీద చేతులు కట్టుకుని, తానే ఆ చెట్టును కన్నట్టు చూస్తున్నాడు.

"అయ్యా, ఈ చెట్టు పూయలేదా?" అన్నాడు అరిందముడు.

"పూయలేదు. అందుకే మీరు పూస్తున్నారు" అన్నాడు వాచస్పతి.

"అర్థం కాలేదు."

"నీకెందుకర్థమవుతుంది? పండితులకే కాలేదు" అని మంత్రి ఓపికగా చెప్పాడు. "వసంతోత్సవం నాడు పూసిన రాజకాంచనం కింద ఉయ్యాలలో కూర్చున్నవాడే ఈ దేశానికి రాజు. చెట్టు పూయని ఏడు రాజు గద్దె దిగిపోవాలి. తాతముత్తాతల నాటి ఆచారం. ఈ ఏడు చెట్టు మొగ్గ తొడగలేదని విన్నవించుకుంటే, స్వర్ణబాహు మహారాజులుంగారు తాంబూలం నములుతూ ఒకే మాట సెలవిచ్చారు, చెట్టు పూయాలి అని. సెలవిచ్చి అంతఃపురానికి వెళ్లిపోయారు. ఆ మాట మీద ఆస్థాన వైయాకరణులు భోజనాలు మానుకుని వాదించారు. ఆ వాక్యంలో చెట్టు కర్తా, కర్మా? కర్త అయితే చెట్టు తనంతట తానే పూయాలి. అది మన చేతిలో లేదు. కర్మ అయితే చెట్టును మనం పూయాలి, గోడకు సున్నం పూసినట్టు. చివరికి అది చెట్టు కర్మేనని తేలింది."

చెట్టు కర్మ కాలిందన్న సంగతి అరిందముడికీ కళ్లెదుట కనిపిస్తూనే ఉంది.

"ఇంతకీ ఎందుకు పూయలేదయ్యా?"

"ధూమకేశులవారు పొగ ఊదారు. వారిని ఏదో విందుకు పిలవడం మరిచామని కోపం వచ్చింది."

ఆ పేరు వినగానే అరిందముడి చెయ్యి కత్తి కోసం నడుము తడిమింది. దానికి లక్క రంగు చిప్ప తగిలింది. "అలాంటివాణ్ని బంధించలేదా?" అన్నాడు.

"బంధించడమేమిటయ్యా, అపచారం. సాయంత్రం ఉత్సవానికి వారే ముఖ్య అతిథి. ఈసారి కూడా పిలవకపోతే బాగుంటుందా?" అని, మంత్రి భటులకు సైగ చేశాడు. "బక్కపలచగా ఉన్నాడు, వీణ్ని చిటారుకొమ్మకు ఎక్కించండి."

ఆస్థాన రసజ్ఞుడు లలితాంగుడు మంచెల మీద తిరుగుతూ పని పర్యవేక్షిస్తున్నాడు. అతడి చేతిలో ఒక పలక, పలక మీద అనుమతి పొందిన పువ్వు నమూనా. అతడు అరిందముడికి సున్నం, లక్క రంగు, చిక్కని తుమ్మజిగురు ఇప్పించి, "ఇదిగో, ఇలా ఉండాలి. ప్రభువులకు పువ్వులో పొంకం ముఖ్యం" అని చెప్పి దిగిపోయాడు. చెట్టు మీది వారందరూ రంగులు కలుపుకోవడానికి నీళ్లు నింపిన గాదెంత తోలుతిత్తి ఒకటి పైకొమ్మకు వేలాడుతోంది.

అరిందముడు కుంచె ముంచి, ప్రాణం ఉగ్గబట్టుకుని, ఒక పువ్వు వేయబోయాడు. అది మొదట పుచ్చకాయ చెక్కలా వచ్చింది. సరిచేయబోతే పిల్లి అడుగులా తయారైంది. విసుగెత్తి కుంచె విదిలించి కొట్టాడు. ఆ దెబ్బకు లక్క రంగు చింది, సున్నం జారి, కొమ్మ మీద ఏదో ఒకటి ఏర్పడింది.

కింది మంచె మీదనుంచి లలితాంగుడు అది చూసి కొయ్యబారిపోయాడు. "ఆహా, ఆ రేకుల ఒరపు చూడండి. ఇప్పుడే విచ్చుకుంటున్నట్టు లేదూ? ఇన్నాళ్లూ ఎక్కడున్నావయ్యా?" అన్నాడు గద్గద స్వరంతో. ఆ తరువాత ఆ కొమ్మ మీదా ఈ కొమ్మ మీదా ఉన్న చిత్రకారులందరూ తమ చక్కని పువ్వులు చెరుపుకుని కుంచెలు విదిలించసాగారు.

"అన్నయ్యా, అది పువ్వా?" అంది మధూలిక పాగాలోంచి తల బయటికి పెట్టి.

"ఈ దేశంలో పువ్వే."

"నవ్వకు గానీ, పైన చూడు."

ఆమె రివ్వున ఎగిరి అన్నిటికన్నా పై రెమ్మ మీద వాలింది. అక్కడ, మాంత్రికుడి పొగ అందని చోట, గోరంత ఆకుపచ్చని మొగ్గ ఒకటి ఉంది. కొస చీలి లోపలి గులాబి రంగు కనిపిస్తోంది. బతికి ఉన్న మొగ్గ. పొద్దు వాలేసరికి విచ్చుకుంటుంది. అరిందముడు దాన్ని వేలి కొసతో తాకి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంత పెద్ద చెట్టు మీద చెల్లెలి బతుకంతా ఆ గోరంతలో ఉంది.

"ఇది విచ్చుకున్నాక ఇంటికి పోదాం అన్నయ్యా. నాన్న చూస్తారు. నాన్న పక్కన... నాన్న పక్కన కూర్చునే ఆవిడ... నాకు జడలు వేసే ఆవిడ..." అని పిట్ట ఆగిపోయింది.

"అమ్మ" అన్నాడు అరిందముడు. అతడికి కళ్లనీళ్లు తిరిగాయి.

"అమ్మ" అంది పిట్ట, కొత్త మాట నేర్చుకున్నట్టు.

మధ్యాహ్నం దాటాక లలితాంగుడు పలక పట్టుకుని ఆయాసపడుతూ మళ్లీ పైకొచ్చాడు. ఒక్కొక్క పువ్వునూ నమూనాతో పోల్చి చూసుకుంటూ చివరికి మొగ్గ దగ్గర ఆగాడు. అది అప్పటికి సగం విచ్చింది. నిజమైన మొగ్గ అని చెబితే, తక్కిన చెట్టంతా అబద్ధమని చాటే ఆ మొగ్గను తుంచి పారేస్తారు.

"ఇదెవరు వేశారు?"

"నేనే వేశానయ్యా."

లలితాంగుడు తల అటూ ఇటూ వంచి చూశాడు. పెదవి విరిచాడు. "ఏదో లోపించింది. సహజంగా లేదు. రంగు మరీ పాలిపోయింది, రేకు నలిగినట్టుంది. అసలు కాంచనం పువ్వు ఎలా ఉంటుందో నువ్వెప్పుడైనా చూశావా? పక్కన వేసినవాటిని చూసి నేర్చుకో. దీని మీద లక్క దట్టించి, పైన జిగురు పట్టించు."

"చిత్తం. దీనికింకా ఒక పూత వేయాలి. తడి ఆరనివ్వండి" అన్నాడు అరిందముడు, మొగ్గకూ అతడికీ మధ్య అడ్డంగా నిలబడి.

"అయితే తొందరగా కానివ్వు. ప్రభువులు బయలుదేరారు" అంటూ లలితాంగుడు నిచ్చెన దిగాడు.

రంగు పువ్వులకు ఏటవాలు ఎండే అందమని ఉత్సవం సాయంత్రానికి పెట్టారు. తక్కిన చిత్రకారులను దింపి నిచ్చెనలు, మంచెలు తీసేశారు; ఆఖరి పూత వంకతో అరిందముడొక్కడే పైన ఉండిపోయాడు. భేరీలు మోగాయి. ఛత్రచామరాలతో, వందిమాగధుల స్తోత్రాలతో స్వర్ణబాహు మహారాజు వచ్చి చెట్టు కింద ఉయ్యాలలో కూర్చుని తలెత్తి చూశాడు. చెట్టు నిండుగా ఎర్రగా ఉంది. రాజుగారి మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఏమి పరిమళం" అన్నాడు మహామంత్రి కళ్లు మూసుకుని. సభంతా కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చింది. సున్నం ఘాటుకు సేనాపతి తుమ్మబోయి ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

రాజుగారి పక్కనే ఎత్తయిన ఆసనం మీద ధూమకేశుడు కూర్చుని ఉన్నాడు. మెడలో పూలదండ, భుజాల మీద సుళ్లు తిరిగే పొగ జడలు. విరగబూసిన చెట్టును చూసి అతడికి మతి పోయింది. తన మంత్రానికి తిరుగులేదని ముల్లోకాలకూ చెప్పుకుని తిరిగినవాడు. "ఎలా పూసింది?" అని పళ్లు నూరుకుంటూ, ఒక్కొక్క కొమ్మనే చూపులతో జల్లెడ పట్టాడు. చిటారుకొమ్మన రంగు పాగా వాడొకడు, వాడి చెవి దగ్గర తేనెపిట్ట ఒకటి. మాంత్రికుడి కళ్లు నిప్పుకణికలయ్యాయి. పొగ గుప్పున లేచింది. ఆసనం మీద పూలదండ మిగిలింది. పొగలోంచి నల్లని డేగ ఒకటి బాణంలా పైకి దూసుకొచ్చింది.

"మధూ, పువ్వు విచ్చుకుంది. తాగు" అన్నాడు అరిందముడు.

పిట్ట అతణ్ని చూసింది. ఆ చూపులో చెల్లెలు లేదు. "చివ్వు చివ్వు" అంది. ఎవరో వేటగాణ్ని చూసినట్టు బెదిరి ఎగిరి, అతడు కుంచె విదిలించి వేసిన ఆ మొదటి పువ్వు మీద వాలింది. అందరూ మెచ్చుకున్న ఆ పువ్వులో ముక్కు పెట్టి, తేనె కోసం పొడిచింది. సున్నం తగిలి తల విదిలించి, పక్క రంగు పువ్వులోకి వెళ్లింది. దాన్నీ పొడిచింది. అరిందముడు చెయ్యి చాచాడు. ఇంకో దానిలోకి ఎగిరింది. ఆ ఎర్రటి అబద్ధాల మధ్య పాలిపోయిన ఆ ఒక్క నిజం ఆమె కళ్లకు ఆనలేదు. తన పువ్వే తన చెల్లెల్ని మోసం చేస్తుంటే అరిందముడికి ఏడుపొచ్చింది.

డేగ మీదికి వచ్చేసింది. అరిందముడు జిగురు చిప్ప ఎత్తి దాని ముఖాన కొట్టాడు. గురి తప్పిన డేగ పక్క కొమ్మ మీద పడింది. అక్కడ తుమ్మజిగురు ఇంకా ఆరలేదు. గోళ్లు అతుక్కుపోయాయి. ఒక రెక్క అంటుకుపోయింది. డేగ మనిషి గొంతుతో బూతులు తిడుతూ గింజుకుంది.

కొండ అంచున సూర్యుడు సగం దిగిపోయాడు. అరిందముడు నీళ్ల తిత్తి వంక చూశాడు. అది గుమ్మరిస్తే రంగంతా కొట్టుకుపోతుంది, పిట్టకు అసలు పువ్వొక్కటే మిగులుతుంది. అదే నీళ్లకు జిగురూ కరుగుతుంది, డేగా విడిపోతుంది. కింద రాజు గద్దె పోతుంది, ఆ పాపానికి తన తలా పోతుంది. ఇవన్నీ తూకం వేసేంత సావకాశం అతడికి లేదు. రంగు గీకే చాకుతో తిత్తి మూతితాడు కోసేశాడు.

నీళ్లు భళ్లున దూకాయి. చిటారుకొమ్మలో మొదలైన ఎరుపు కొమ్మ నుంచి కొమ్మకు జారి, సున్నంతో కలిసి, ధారలు కట్టి మహారాజు కిరీటం మీద, పట్టు పాగాల మీద, పన్నీటి బుడ్ల మీద కురిసింది. లలితాంగుడు రెండు చేతులూ జోడించి, "ప్రభూ, దేవతలు పుష్పవృష్టి కురిపిస్తున్నారు" అన్నాడు. ఆ మాటతో సభ చప్పట్లు కొట్టింది. మహారాజు మాత్రం కంట్లో సున్నం పడి, కళ్లు నులుముకుని, తలెత్తి చూశాడు. నల్లని బోడి చెట్టు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"పైనున్నవాణ్ని కొట్టండి" అని అరిచాడు రాజు.

విలుకాండ్రు వింటినారి లాగారు. మొదటి బాణం అరిందముడి పాగాను ఎగరేసుకుపోయింది. అతడు తల తిప్పలేదు. పిట్ట బోడి కొమ్మల మీద గెంతుతూ, తత్తరపడుతూ, ఎక్కడా ఎరుపు కనబడక పైకి పైకి వచ్చింది. చివరి రెమ్మ మీద, తడిసి వణుకుతున్న ఆ పాలిపోయిన పువ్వును చూసింది. సూర్యుడు గోరంత మిగిలాడు. పిట్ట పువ్వులోకి తల దూర్చింది.

అదే క్షణంలో డేగ గోళ్లు ఊడదీసుకుని లేచింది.

పువ్వు చుట్టూ గులాబి రంగు వెలుగు గిర్రున తిరిగింది. వెలుగులో మొదట రెక్కలు కరిగాయి. గాజుల చేతులు రెండు గాలిని పట్టుకోబోయాయి. పొడుగాటి జడ కిందికి జారింది. పిట్ట బరువును మాత్రమే ఎరిగిన ఆ రెమ్మ మీద, నిండు యవ్వనంలో ఉన్న రాకుమారి కూర్చుని కళ్లు విప్పింది. రెమ్మ విల్లులా వంగింది. అరిందముడు ఒక చేత్తో కొమ్మనూ, ఇంకో చేత్తో ఆమె మణికట్టునూ పట్టుకున్నాడు. పైన డేగ చుట్టు తిరిగి గోళ్లు చాచింది. కింద విలుకాండ్రు రెండో బాణం సంధించారు.

మధూలిక కిందికి చూసింది, పైకి చూసింది, చివరికి అతడి మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో ఈసారి చెల్లెలు ఉంది.

"అన్నయ్యా, కొమ్మ..." అంది.

ఫెళ్లుమని విరిగింది.